మొల్లేటిలంక కుళాయి

ఆ ఏడాది గోదావరి రెండుసార్లు వచ్చింది. జూలైలో వచ్చింది మామూలు వరదే. రేవు మునిగింది, రెండు రోజుల్లో తేలింది. ఆగస్టు మూడో వారంలో వచ్చింది మాత్రం లంకల మీదుగా నడిచిపోయింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసేసరికే మొల్లేటిలంకలో అరటితోటలు గెలల దాకా మునిగిపోయాయి. జనాన్ని పడవల మీద ఏటిగట్టు దాటించి ఇవతల హైస్కూల్లో పెట్టారు. పశువుల్ని వదిలి రామని అన్నవాళ్లు ఓ నలభై కుటుంబాలు లంకలోనే మెరక మీదున్న బడి డాబా ఎక్కి ఉండిపోయారు. వాళ్లతోపాటు మా ఆడపడుచు రేచల్ కూడా ఉండిపోయింది.

రేచల్ ఆ లంక ఉపకేంద్రంలో నర్సు. పద్నాలుగేళ్లుగా అక్కడే చేస్తోంది. పొద్దున్నే మా ఇంటి నుంచి బస్సెక్కి, రేవు దగ్గర పడవెక్కి వెళ్లేది. సాయంత్రానికి ఒళ్లంతా ఒండ్రు వాసనతో వచ్చేది. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చింది. నేను రాత్రి డ్యూటీలు చేసిన ఏళ్లన్నీ మా అమ్మాయి ఏంజెల్‌కి అన్నం పెట్టిందీ, జడ వేసిందీ, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుందీ తనే. ఆ పిల్ల బళ్లో పడ్డాక, నన్ను చూసి తనూ నర్సు చదువు చదువుకుంది. మా వెనక గది తనది.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ఇరవై మూడేళ్లు నర్సుగా చేశాను. రాజోలులో మొదలుపెట్టి అమలాపురంలో హెడ్ నర్సునయ్యాను. నర్సుల సంఘంలో తిరిగాను, సమ్మెలు చేశాను. కరోనా రెండేళ్లూ వార్డు వదలలేదని పేపర్లలో ఫోటోలు వేశారు. ఆ తర్వాతి ఎన్నికల్లో పార్టీవాళ్లు ఇంటికొచ్చి టికెట్ ఇస్తామన్నారు. గెలిచాను. శాసనసభలో నేను లేచి నిలబడితే ఆస్పత్రుల గురించేనని అందరికీ తెలుసు. నన్ను ఎమ్మెల్యేగారు అని పిలిచినవాళ్లు తక్కువ. లంకల్లో ఇప్పటికీ సిస్టరమ్మగారనే అంటారు.

ఆ వరద రోజుల్లో నా పేరు ఇంకోచోట నడుస్తోంది. రాష్ట్రంలో కొత్తగా ప్రజారోగ్య మండలి ఏర్పాటు చేస్తున్నారు. దాని అధ్యక్షురాలికి క్యాబినెట్ హోదా. ఆ పదవి నాకు కావాలి. అబద్ధమాడను, కారు మీద బుగ్గ కోసం కాదు. తలుపుల్లేని ఉపకేంద్రాలు, కాన్పు గదిలో కరెంటు లేక సెల్‌ఫోను లైటు పట్టుకున్న నర్సులు, ఇవన్నీ నేను కళ్లారా చూసినదాన్ని. ఆ కుర్చీలో ఒక్కసారైనా నర్సు కూర్చోవాలని గట్టిగా కోరుకున్నాను. కోరుకోవడంలో తప్పులేదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం నాకు బాగా తెలుసు. మంగళవారం పొద్దున్న ఏడింటికి, మా వంటింట్లో, ఫోన్లో.

అప్పటికి నీళ్లు తీసి మూడు రోజులైంది. హైస్కూల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు మళ్లారు. రేచల్ మాత్రం ఇంకా ఇంటికి రాలేదు. ఫోన్ చేసి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పింది.

“వదినా, నిన్న ఇద్దరికి మొదలైందండి. ఇవాళ పదకొండు మంది. బియ్యం కడిగిన నీళ్లలా అవుతున్నాయి. కొత్త ట్యాంకు నీళ్లే అనుకుంటున్నాను. గొట్టం మురుక్కాలవలోంచి కదండీ వేసేరు, వరదకి ఎక్కడో జాయింటు వదిలేసినట్టుంది. కుళాయి మూయించేసి, జిల్లాకి రిపోర్టు పెట్టేస్తాను.”

ఆ ట్యాంకు ఫిబ్రవరిలో నేను రిబ్బను కత్తిరించినది. అంతకుముందు లంకవాళ్లు ఏటి నీళ్లు పటిక వేసి తేర్చుకుని తాగేవారు. ఎన్నికలప్పుడు ఇచ్చిన మాటల్లో నేను పూర్తిగా నిలబెట్టుకున్నది అదొక్కటే. మండలికి నా పేరు చెప్పినవాళ్లు కూడా ఆ ట్యాంకునే చూపించారు.

నేను రేచల్‌తో మందులు ఎన్ని కావాలంటే అన్ని ఈ పూటే పంపిస్తానన్నాను. డాక్టర్ని కూడా పంపిస్తానన్నాను. కుళాయి మూయడం, రిపోర్టు పెట్టడం మాత్రం రెండు రోజులు ఆపమన్నాను. కాగితం మీద పడితే పేపర్లలోకి వెళుతుందని, సోమవారం పేర్లు తేలిపోతాయని, ఈలోగా గొట్టం నేనే చూపిస్తానని చెప్పాను. నీళ్లు మరగబెట్టుకోమని వాళ్లకు చెప్పమన్నాను.

“కట్టెలన్నీ తడిసిపోయాయండి వదినా. గ్యాసు బండలు కొట్టుకుపోయాయి. ఏం పెట్టి మరగబెడతారు?”

“క్లోరిన్ బిళ్లలు పంపిస్తాను. రెండు రోజులే రేచల్.”

ఫోన్లో అవతల ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు. ఆ తర్వాత, “ఆయ్. మీరు చూసుకుంటానంటే సరేనండి,” అంది.

పెద్దదాన్ని, ఎమ్మెల్యేని, తనకు ఉద్యోగం దారి చూపించినదాన్ని. సరే అనక ఏమంటుంది?

మాట ప్రకారం మధ్యాహ్నానికల్లా రెండు పడవల నిండా సెలైన్ సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్లలు పంపించాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండే కుర్ర డాక్టర్ని వెంటపడి పంపించాను. గొట్టం చూడమని ఇంజనీరుకు ఫోన్ చేస్తే, నీళ్లు ఇంకా పూర్తిగా లాగలేదు, వారం పడుతుందన్నాడు. సరేనన్నాను. ఆ రెండు రోజులూ క్షణం తీరిక లేకుండా పని చేశాను. ఇంత పని చేస్తున్నప్పుడు తప్పు చేస్తున్నానని ఎలా అనిపిస్తుంది? అనిపించలేదు.

గురువారం జిల్లా పేజీలో వార్త వచ్చింది. లంకలో అతిసారం, కొత్త ట్యాంకు నీళ్లపై అనుమానాలు అని. రేచల్ రిపోర్టు కూడా అదే రోజు వెళ్లింది. నేను చెప్పిన రెండు రోజులూ పూర్తిగా ఆగి పంపింది. తొమ్మిది గంటలకు పార్టీ పెద్ద శ్రీరాములుగారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. అక్కడ పైవాళ్లు ఆ పేపరు చూశారని, వరద తర్వాత విరేచనాలు పట్టుకోవడం ఏటా ఉండేదేనని, కానీ ట్యాంకు పేరు రావడం మంచిది కాదని అన్నారు.

“జనంలో భయం పోవాలండి సిస్టర్‌గారూ. రేపు మీరు లంకకెళ్లి, ఆ కుళాయి నీళ్లు నలుగురి ముందూ ఓ గ్లాసుడు తాగి రండి. అంతటితో పోద్ది.”

వెళతానన్నాను.

శుక్రవారం పదకొండింటికి రేవులో పడవెక్కాం. నేను, నా దగ్గర పనులు చూసే నాగేంద్ర, విలేకరులు ఐదుగురు, కెమెరాలు. పడవ సత్తియ్యది. ముప్పై ఏళ్లుగా ఆ రేవులో పడవ వేస్తున్నవాడు. నేను రాజోలులో కొత్తగా చేరినప్పుడు అతని భార్య పోలమ్మ రెండో కాన్పు నా చేతుల మీదుగానే జరిగింది. బిడ్డ అడ్డం తిరిగితే తెల్లార్లూ దగ్గర కూర్చున్నాను. అప్పటి నుంచి పోలమ్మ ఏ పండక్కీ నన్ను మర్చిపోలేదు. ఒక గెల అరటిపళ్లో, బుట్టెడు దొండకాయలో రేచల్ చేత పంపించేది.

పడవలో నా చేతిసంచిలో మూడు డాక్సీసైక్లిన్ బిళ్లలున్నాయి. ఇంట్లోంచి బయల్దేరుతూ అందులో పడేసుకున్నాను. నేను నర్సుని. ఒక గ్లాసుడు పాడు నీళ్లు తాగితే ఏమవుతుందో, తర్వాత ఏం మింగాలో నాకు తెలుసు. లంకలో వాళ్లకి ఆ బిళ్లలు లేవన్న మాట ఆ పడవలో నాకు తోచలేదు.

బడి వరండాలో కిటికీ ఊచలకు కొబ్బరితాడు అడ్డంగా కట్టి, దానికి సెలైన్ సీసాలు వేలాడదీశారు. కింద చాపల మీద మనుషులు. రేచల్ ఒక ముసలాయన చేతికి సూది పెడుతోంది. ఐదు రోజుల్లో తన మొహం సగమైంది. కళ్ల కింద నల్లగా దిగాయి. నన్ను చూసి లేచి వచ్చింది. ఇరవై ఆరు మంది అని చెప్పింది. నిన్నటికీ ఇవాళ్టికీ కొత్తవాళ్లు ఇద్దరేనని, జనం కుళాయి జోలికి వెళ్లడం మానేశారని, గట్టు అవతల నుంచి డబ్బాల్లో నీళ్లు తెచ్చుకుంటున్నారని చెప్పింది. తన మాట విన్నారన్న ఊరట ఆ గొంతులో ఉంది. ఆ తర్వాత కెమెరాల వంక చూసి, నన్ను తలుపు పక్కకు పిలిచింది.

“వదినా, కుళాయి దగ్గరికి వెళ్లొద్దండి. మీరు తాగితే వీళ్లందరూ తాగుతారు. తర్వాత నేను చెప్పినా మానరు.”

“భయంతోనే సగం మంది పడిపోతున్నారు రేచల్,” అన్నాను.

ఇరవై మూడేళ్లలో ఏ డాక్టరు నాతో ఆ మాటన్నా నమ్మి ఉండేదాన్ని కాదు. రేచల్‌ని చాప మీద ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయింది.

కుళాయి ట్యాంకు కిందే. దాని చుట్టూ సిమెంటు గట్టు, గట్టు చుట్టూ జనం. ఎండ మాడ్చేస్తోంది. సత్తియ్య విలేకరుల కోసం తెచ్చిన బిస్కట్ల పెట్టె, చల్లటి నీళ్ల సీసాల పెట్టె మోసుకొచ్చి ట్యాంకు స్తంభం వెనక దించాడు. నేను జనంతో మాట్లాడుతుండగా నాగేంద్ర కుళాయి మీదకు వంగి తిప్పాడు. నీళ్లు దూకిన చప్పుడైంది. గాజుగ్లాసు నిండుగా తెచ్చి నా చేతికిచ్చాడు.

మొదటి గుక్కలోనే తెలిసింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆగస్టు ఎండలో పొద్దుటి నుంచీ కాగిన సిమెంటు ట్యాంకు నీళ్లు చల్లగా ఉండవు. నాగేంద్ర వంక చూశాను. అతను విలేకరుల వంక చూస్తున్నాడు.

గ్లాసు దించేస్తే సరిపోయేది. నేను దించలేదు. నిదానంగా మొత్తం తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాను. “మన ట్యాంకు నీళ్లేనండి. భయమేం లేదు,” అన్నాను.

పోలమ్మ అందరికంటే ముందు బిందె తీసుకుని వచ్చింది. నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. “సిస్టరమ్మగారే తాగేరు కదండీ, ఇంక మనకేం భయం,” అని పక్కవాళ్లతో అని, బిందె కుళాయి కింద పెట్టింది. ఆమె వెనక ఇంకో నలుగురు బిందెలతో నిలబడ్డారు. నేను పడవెక్కేసరికి ఆ వరస బడి దాకా పెరిగింది.

ఆ సాయంత్రం కోనసీమ అంతటా ఫోన్లలో ఆ వీడియో తిరిగింది. శ్రీరాములుగారు మళ్లీ ఫోన్ చేసి సంతోషం వెలిబుచ్చారు.

శనివారం కొత్తవాళ్లు పందొమ్మిది మంది. ఆదివారం ముప్పై నాలుగు. రేచల్ ఆ రెండు రోజులూ నాకు ఫోన్ చేయలేదు. ఆ లెక్కలు నాకు డాక్టరు చెప్పాడు. ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ నేనే ఇంజనీరు ఇంటికి వెళ్లి, అక్కడే నిలబడి కుళాయి మూయించాను. ఆ పని మంగళవారమే చేసి ఉండొచ్చు. అరగంట పట్టింది.

పోలమ్మకి ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. సోమవారం పొద్దున్నే సత్తియ్య తన పడవలోనే ఇవతలకి తెచ్చాడు. అంబులెన్సు గట్టు మీద సిద్ధంగా ఉంది. పడవలోంచి గట్టు మీదకి ఎత్తేలోపే ప్రాణం పోయింది. ఆ రెండు రోజుల్లోనే లంకలో మరో ఇద్దరు ముసలివాళ్లు పోయారు. మధ్యాహ్నం మండలి పేర్లు బయటికొచ్చాయి. అధ్యక్షురాలిగా నా పేరు ఉంది. పూలదండలు పట్టుకుని వీధిలోకి కార్లు వస్తుంటే, మా ఆయన దేవసహాయంగారు లోపలికి వచ్చి, పోలమ్మ పోయిందట లీలా అని చెప్పి, చొక్కా వేసుకుని లంకకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. ఇంటినిండా జనం ఉన్నారు. వెళ్లకపోవడానికి అంతకంటే పెద్ద కారణమూ ఉంది. సత్తియ్య మొహం ఎలా చూడాలి?

గురువారం అమలాపురంలో సమీక్ష పెట్టారు. కొత్త హోదాలో నేను కూర్చున్న మొదటి సమావేశం అదే. నీళ్ల పరీక్ష ఫలితాలు వచ్చాయి. కుళాయి నీళ్లలో మురుగు కలిసింది. ఆ గొట్టం మురుక్కాలవలోంచి ఎవరు వేశారు, ఎవరు వేయనిచ్చారు అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు. వేస్తే రిబ్బను దాకా వస్తుంది. ఒక అధికారి తారీకులు చదివాడు. మొదటి రోగి సోమవారం. రిపోర్టు గురువారం. మధ్యలో మూడు రోజులు.

రేచల్‌ని లేపి నిలబెట్టారు. తెల్లచీర కట్టుకుని, రిజిస్టరు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఎందుకు ఆలస్యమైందని అధికారి అడిగాడు.

“వరదకి సిగ్నల్ లేదండి,” అంది.

“మరి మంగళవారమే మందులు ఎలా వచ్చేయమ్మా?”

“మందుల కోసం ఇంట్లోవాళ్లకి చెప్పేనండి. రిపోర్టు పెట్టకపోవడం నాదే పొరపాటు.”

ఆ ఇంట్లోవాళ్లు ఎవరో గదిలో తెలియనివాళ్లు లేరు. అందరూ తలలు వంచుకుని కాగితాలు చూసుకున్నారు. రేచల్ ఒక్కసారి నా వంక చూసింది. అడుగుతున్నట్టు చూడలేదు, బతిమాలుతున్నట్టూ చూడలేదు. బస్సు కోసం రోడ్డు వంక చూసినట్టు, మామూలుగా చూసింది.

అధికారి నా వైపు తిరిగి, ఏం చేద్దామండి మేడం అని అడిగాడు.

“నిబంధన ప్రకారం చేయండి,” అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. రేచల్ కూర్చోమనేదాకా నిలబడి, కూర్చోమన్నాక కూర్చుంది. తర్వాతి అంశం బ్లీచింగ్ నిల్వలు. దాని మీద నేను బాగా మాట్లాడానని మర్నాడు పేపర్లో రాశారు.

ఇంటికి వచ్చేసరికి తన గదిలో పెట్టె తెరిచి ఉంది. చీరలు మడతపెడుతోంది. మంచం మీద తన బైబిలు, ఏంజెల్ చిన్నప్పటి ఫోటో ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడి మాట్లాడాను. నాలుగు నెలలు ఓపిక పట్టమని, సస్పెన్షను నేనే ఎత్తేయిస్తానని, ఈ పదవితో ఎంతో చేయొచ్చని, అప్పుడు తనకే అర్థమవుతుందని చెప్పాను. తను మధ్యమధ్య ఆయ్, ఆయ్ అంటూ మడతలు పెట్టుకుంటూ పోయింది. చివరికి నాకే ఉండబట్టలేదు.

“అక్కడ ఉన్నమాట ఎందుకు చెప్పలేదు నువ్వు?”

“మీరు అక్కడే ఉన్నారు కదా వదినా,” అంది. “మీరు చెప్తారనుకున్నాను.”

తను పెట్టె మూసి, గడియ పడకపోతే మోకాలితో నొక్కి వేసింది.

“ఉద్యోగం గురించి కాదండి. నేను ఆ లంకకి వెళ్లిన కొత్తలో టీకాలంటే పిల్లల్ని తీసుకుని తోటల్లోకి పారిపోయేవారు. పద్నాలుగేళ్లు పట్టింది వాళ్లకి నా మాట మీద గురి కుదరడానికి. ఇప్పుడు ఎవరు వింటారు?”

దేవసహాయంగారు ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసిన మనిషి. ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ కసరలేదు. ఆ పూట పెట్టె తీసుకెళ్లి ఆటోలో పెట్టి, తనూ ఎక్కి చెల్లెలి పక్కన కూర్చున్నారు. నాలుగో రోజున తిరిగొచ్చారు. ఇవాళ్టికీ ఇద్దరం ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం, కూరలో ఉప్పు గురించీ, వాన గురించీ మాట్లాడుకుంటాం. ఇదివరకు విజయవాడ నుంచి రాగానే సభలో ఏం మాట్లాడావని అడిగేవారు. ఇప్పుడు అడగరు.

ఏంజెల్ అప్పుడు కాకినాడలో నర్సింగ్ ఆఖరి సంవత్సరం. పేపరు చూసి ఫోన్ చేసింది. తప్పు అత్తదేనా అమ్మా అని అడిగింది. పద్ధతిలో చిన్న పొరపాటు జరిగిందని చెప్పాను. సరే అని పెట్టేసింది. ఆరు నెలల తర్వాత ఉద్యోగంలో చేరింది. అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలి అన్నచోట రేచల్ నంబరు రాసింది. ఆ కాగితం నా కంటపడాలని రాయలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ పదవిలో నేను రెండేళ్ల పైన ఉన్నాను. చేసిన పనుల గురించి తక్కువ చేసి చెప్పుకోను. లంకలన్నిటికీ నీళ్ల పరీక్ష పెట్టెలు ఇప్పించాను. ఊరి నర్సుకి అనుమానం వస్తే ఎవరి అనుమతీ లేకుండా తన ఫోను నుంచే నేరుగా రాజధానికి కబురు పంపే ఏర్పాటు చేయించాను. పంపినవాళ్లను ఎవరూ ఆపకూడదని, ఆపితే ఆపినవాళ్ల మీదే చర్య అని అందులో రాయించాను. ఆ వాక్యం ఎవరి కోసం రాయించానో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆ ఏర్పాటు వల్ల జబ్బులు మొదట్లోనే దొరికిన ఊళ్లున్నాయి. దాని గురించి మాట్లాడమని నన్ను వేరే రాష్ట్రాలకు పిలిచారు. వెళ్లి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

రేచల్ సస్పెన్షను ఐదు నెలలకు ఎత్తేశారు. కె.గంగవరం వైపు ఒక ఊరికి వేశారు. అక్కడే గది అద్దెకు తీసుకుంది. క్రిస్మస్‌కి కూడా రాలేదు. ఒకసారి నేనే వెళ్లాను. కుర్చీ వేసి, టీ పెట్టి, నా షుగరు ఎంత ఉందో అడిగింది. కాళ్లు వాచాయని చూసి, ఉప్పు తగ్గించమంది. నేను చెప్పదలచుకున్నది నోట్లోనే ఉండిపోయి, కొత్త ఏర్పాటు గురించి చెప్పాను.

“మంచిదేనండి. మా ఊళ్లో నేను రెండుసార్లు పంపేను. వెంటనే వచ్చేరు,” అంది. టీ గ్లాసు అందుకుంటూ ఇంకొంచెం పోయనా అని అడిగింది.

పదవీకాలం ముగిసింది. పొడిగించలేదు. ఆ నెలలోనే జిల్లాకి ఉత్తరం రాశాను. ఆ మూడు రోజుల ఆలస్యం రేచల్ వల్ల జరగలేదని, ఆపమన్నది నేనేనని, ఆమె సర్వీసు పుస్తకంలో ఆ మచ్చ తీసేయమని. నెల తర్వాత జవాబు వచ్చింది. సదరు విషయం ఇదివరకే ముగిసినదని ఒక లైను, కింద సంతకం. ఆ జవాబు జిరాక్సు తీసి రేచల్‌కి పంపించాను. అందిందని కబురు చేసింది.

ఇక మిగిలింది సత్తియ్య. ఈ జూన్‌లో, ఏరు ఇంకా సన్నగా ఉండగానే, ఒక్కదాన్నే బస్సెక్కి రేవుకు వెళ్లాను. ఎండకి జనం లేరు. సత్తియ్య పడవలో గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, తలగుడ్డ తీసి దులిపి కూర్చోడానికి పరిచాడు. లంకలోకా అని అడిగాడు. లేదు, ఒడ్డు దాకా వెళ్లి వచ్చేద్దామన్నాను. ఇంకేమీ అడగకుండా గెడ తీసుకున్నాడు.

సగం దూరం పోయాక చెప్పాను.

“సత్తియ్యగారూ, ఆ రోజు నేను తాగింది కుళాయి నీళ్లు కాదండి.”

అతను గెడ వేయడం ఆపలేదు. రెండుసార్లు వేసి, మూడోసారి నీళ్లలోనే ఆనించి పట్టుకున్నాడు.

“తెలుసండి,” అన్నాడు. “పెట్టె నేనే కదండి మోసేను. స్తంభం పక్కనే ఉన్నాను. ఆ బాబుగారు సీసా మూత తీయడం చూసేను.”

పోలమ్మకి చెప్పలేదా అని ఎలాగో అడిగాను.

“చెప్దామనే ఇంటికెళ్లేనండి. అప్పటికే బిందె తెచ్చేసింది. మీ పేరు చెప్పి ఇరుగూ పొరుగూ అందరికీ పోస్తంది. ఆవిడంత సంబరంగా ఉంటే, నలుగురిలో మిమ్మల్ని తక్కువ చేసినట్టుంటదని ఊరుకున్నానండి. అందరూ వెళ్లేక చెప్దామనుకున్నాను.” కాసేపు నీళ్ల వంక చూశాడు. “రేచలమ్మగారు ఆవేళ సాయంత్రం కూడా ఇల్లిల్లూ తిరిగి చెప్పేరండి, తాగొద్దని. మా ఇంటికీ వచ్చేరు. అప్పుడన్నా నేను నోరిప్పితే బాగుండేది.”

నన్ను నిందించి ఉంటే తట్టుకునేదాన్నేమో. తన తప్పు ఒప్పుకుంటున్నట్టు, నాకే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. అది మీ తప్పు కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట అతనితో చెప్పే హక్కు నాకెక్కడిది? మళ్లీ మూసుకున్నాను.

అవతలి ఒడ్డు తాకి, దిగకుండానే తిరిగి వచ్చేశాం. రేవులో పడవ ఆనించి, ముందు తను దిగి, చెయ్యి అందించాడు.

“చూసి దిగండి సిస్టరమ్మగారూ, ఒండ్రు జారుతుంది.”

ఆ చెయ్యి పట్టుకునే దిగాను. గట్టెక్కి వెనక్కి చూసేసరికి సత్తియ్య పడవ నడి ఏటి దాకా వెళ్లిపోయింది. అవతల ఎవరో ఇద్దరు ఆడవాళ్లు సంచులు పట్టుకుని అతని కోసం నిలబడి ఉన్నారు.